ఒక టీకా, రెండు సంతకాలు

పోయిన నెలలో మా పెద్దమ్మాయిని పదకొండేళ్ళ చెకప్‌కి తీసుకెళ్ళాం. డాలస్ శివార్లలో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండే పిల్లల డాక్టరు. నర్సు వచ్చి ఇవాళ మూడు ఇంజెక్షన్లు ఉన్నాయంది. మొదటిది ధనుర్వాతం, కంఠసర్పి, కోరింతదగ్గు మూడింటికీ కలిపి ఇచ్చేది. రెండోది మెనింజైటిస్‌కి. టెక్సస్‌లో ఏడో తరగతిలో చేరాలంటే ఈ రెండూ ఉండి తీరాలి. మూడోది హెచ్.పి.వి. టీకా.

"ఇది కూడా కంపల్సరీయేనా?" అని అడిగింది మా ఆవిడ.

కాదట. కానీ డాక్టరుగారు వేయించమనే చెప్తారట. అని చెప్పి ఒక ట్యాబ్లెట్ చేతికిచ్చింది. బోలెడు పేజీలు. కిందికి జరుపుకుంటూ పోయి చివర వేలితో సంతకం గీకాలి. నేను సాఫ్ట్‌వేరులో ఇలాంటి 'ఐ అగ్రీ' బటన్లు పెట్టి పొట్ట పోసుకునేవాణ్ణి. వాటి పైనున్నది ఎవరూ చదవరని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండరు. ఆ రోజు మాత్రం మొత్తం చదివాను. మా ఆవిడ విసుక్కుంది, అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

చదవడానికి కారణం 2009లో మా చిన్నమ్మ కూతురు నా చేతికిచ్చిన ఒక చిన్న కార్డు. ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు నేను సంతకం పెడుతున్న ఈ టెక్సస్ కథ చెప్పాలి. ఎందుకంటే ఈ మూడో టీకా కూడా ఇక్కడ కంపల్సరీ అవ్వబోయి, మూడు నెలల్లో కాకుండా పోయింది.

ఇంతకీ ఈ వైరస్ గురించి రెండు ముక్కలు. గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సరుకి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ అని జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన బృందం 1983లో 16వ రకాన్నీ, 1984లో 18వ రకాన్నీ పట్టుకుంది. ఈ రెండు రకాలే ఆ క్యాన్సర్లలో నూటికి డెబ్భైకి కారణం. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. వైరస్ పైతొడుగు మాత్రం తయారుచేసి, లోపల జన్యుపదార్థం ఏమీ లేకుండా ఖాళీగా ఉంచితే శరీరం దాన్ని చూసి జాగ్రత్త పడుతుందని 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ దారి చూపించారు. కంసాలి లేని ఖాళీ పెట్టె అనుకోండి. దొంగ ఎలా ఉంటాడో కాపలావాడికి చూపించడానికి దొంగ చొక్కా తొడిగిన బొమ్మ అనుకుంటే ఇంకా నయం. టీకా మార్కెట్లోకి రాకముందే, 1999లో, జౌ చనిపోయాడు.

ఇందులో ఒక సంగతి నన్ను వదలదు. జుర్ హౌజెన్ బృందం ఆ 18వ రకం వైరస్ ఆనవాళ్ళు 'హీలా' కణాల్లోనూ చూసింది. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పెంచుతున్న కణాలవి. అవి హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఇదే క్యాన్సరుతో ఆవిడ చనిపోయింది. ఆ కణాలు తీసినట్టు ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అడగలేదు. ఆవిడ వారసులకి ఒక కంపెనీతో రాజీ కుదిరింది 2023లో. అంటే ఈ టీకా చరిత్రలో సంతకం గొడవ టీకా పుట్టకముందే ఉంది.

ఇక బలవంతం సంగతి. టీకా వేయించుకోకపోతే బడికి రానివ్వం అనే హక్కు ప్రభుత్వానికి ఉందా అన్న ప్రశ్న అమెరికాలో పాతదే. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో మశూచి వచ్చినప్పుడు టీకా వద్దన్న పాస్టర్ జేకబ్సన్‌కి 5 డాలర్ల జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1905లో ఓడిపోయాడు. మన స్వేచ్ఛ పక్కవాడి ప్రాణం మీదికి వచ్చేదాకా సాగదని ఆ తీర్పు సారాంశం. ఆ తరవాత కేసు మా టెక్సస్‌దే. శాన్ ఆంటోనియోలో టీకా సర్టిఫికెట్ లేదని ఒక అమ్మాయిని బడి నుంచి పంపించేశారు. 1922లో సుప్రీంకోర్టు బడి పక్షాన నిలబడింది. అప్పుడు ఊళ్ళో మశూచి ఉందా లేదా అన్నది కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ ఏ రాష్ట్రంలో ఏ బడి టీకా కాగితం అడిగినా దాని వెనక ఈ రెండు తీర్పులే ఉంటాయి.

మనకీ ఇది కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1880లోనే టీకాల చట్టం చేసింది. మా నాయనమ్మ జబ్బ మీద పాత రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు ఉండేవి. టీకాలవాళ్ళు వస్తున్నారంటే ఆవిణ్ణి గాదె వెనకాల దాచారట, అయినా పట్టుకుని వేశారట. "వేశారు కాబట్టే మీరంతా పుట్టారు" అని చెప్తూ నవ్వేది. అమ్మవారు పోసి ఊళ్ళు ఖాళీ అవడం చూసిన మనిషి. ఆవిడ దగ్గర సమ్మతి గురించి మాట్లాడే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది.

కానీ మశూచి వేరు, ఇది వేరు. మశూచి పక్క బెంచీలో కూర్చుంటే అంటుకుంటుంది. హెచ్.పి.వి. అలా కాదు, అది లైంగిక సంబంధాల ద్వారా వచ్చేది. ఆరో తరగతి గదిలో వ్యాపించదు. మరి దాన్ని బడి తలుపు దగ్గర ఆపడం ఏమిటి? 2007లో టెక్సస్‌లో గొడవంతా ఇక్కడే మొదలైంది.

మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డసిల్‌కి అమెరికాలో 2006 జూన్‌లో అనుమతి వచ్చింది. మూడు డోసులు, డోసు 120 డాలర్లు. అప్పట్లో మార్కెట్లో ఉన్న ఖరీదైన టీకాల్లో ఇదొకటి. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2007 ఫిబ్రవరి 2న, గవర్నర్ రిక్ పెర్రీ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. 2008 సెప్టెంబరు నుంచి ఆరో తరగతిలో చేరే ప్రతి ఆడపిల్లకీ ఈ టీకా ఉండాలి. శాసనసభలో చర్చ లేదు, ఓటు లేదు. వద్దనుకున్న తల్లిదండ్రులు కాగితం రాసిచ్చి తప్పుకోవచ్చు. పేద పిల్లలకి ఉచితంగా అందేలా చూడమని కూడా అందులో ఉంది. దేశంలో ఇలాంటి ఉత్తర్వు ఇదే మొదటిది.

పెర్రీ రిపబ్లికన్. పన్నులు వద్దు, ప్రభుత్వం మన ఇళ్ళలోకి రావద్దు అనే పార్టీ మనిషి. ఆయన నుంచి ఇది ఎవరూ ఊహించలేదు. వారం తిరక్కుండానే పేపర్లు కూపీ లాగాయి. మెర్క్ తరఫున ఆస్టిన్‌లో లాబీయింగ్ చేస్తున్నది పెర్రీ దగ్గర ఇదివరకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన మైక్ టూమీ. మెర్క్ నుంచి పెర్రీ ఎన్నికల ఖాతాకి చందాలు కూడా వెళ్ళాయి. కంపెనీ పాత చరిత్ర దానికి తోడైంది. వాళ్ళ నొప్పుల మాత్ర వయాక్స్ గుండెపోట్లు తెస్తోందని 2004లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. హెచ్.పి.వి. అంటే 'హెల్ప్ పే ఫర్ వయాక్స్' అని ఒక జోకు అప్పట్లో బాగా తిరిగింది. ఫిబ్రవరి నెలాఖరు లోపే మెర్క్ రాష్ట్రాల్లో ఈ లాబీయింగ్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

వ్యతిరేకించినవాళ్ళందరినీ ఒక గాటన కట్టేయకూడదు. టీకా వేస్తే పిల్లలు చెడిపోతారన్న మతవాదులు ఉన్నారు. టీకాలంటేనే పడనివాళ్ళు ఉన్నారు. కానీ ఈ టీకాని సిఫారసు చేసిన జాతీయ సలహా సంఘానికి అప్పటి అధ్యక్షుడు కూడా దీన్ని బడికి షరతుగా పెట్టడం సరికాదన్నాడు. టీకా మంచిదే, బలవంతం మంచిది కాదు అన్నది ఆయన మాట. టీకా పుట్టి ఏడాది కాలేదు, పదేళ్ళ తరవాత ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు, ఇప్పుడే తొందరపెడితే జనానికి మిగతా టీకాల మీద కూడా నమ్మకం పోతుందని భయపడ్డవాళ్ళు మరికొందరు.

ఏప్రిల్‌లో శాసనసభ ఆ ఉత్తర్వుని కొట్టేస్తూ బిల్లు పాస్ చేసింది. దిగువ సభలో 135 మంది ఒకవైపు, 2 మంది ఒకవైపు. సెనేట్‌లో 30కి 1. మేలో పెర్రీ చేతులెత్తేశాడు. వీటో చేయలేదు, సంతకమూ పెట్టలేదు, బిల్లు దానంతటది చట్టమైంది. ఆ రోజు ఆయన ఈ క్యాన్సర్ సోకిన స్త్రీలని చుట్టూ నిలబెట్టుకుని మాట్లాడాడు. వాళ్ళతో ఉద్యమంలో ఉన్న ముప్ఫై ఒక్కేళ్ళ హ్యూస్టన్ యువతి ఆ జులైలోనే చనిపోయింది. పెర్రీకి కంపెనీతో ఉన్న చుట్టరికం నిజం, ఆ అమ్మాయి చావు కూడా నిజం. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది తమకి కావలసింది మాత్రం ఉంచుకుని రెండోది వదిలేస్తారు.

2011లో పెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు టాంపా డిబేట్‌లో మిషెల్ బాక్‌మన్ ఇదే తవ్వి తీసింది. అయిదు వేల డాలర్లకి నేను అమ్ముడుపోతానా అని ఆయన ఉడుక్కున్నాడు. అయితే ఎంతకి అమ్ముడుపోతాడన్న మాట మర్నాడు అందరి నోటా నలిగింది. అంతటితో ఆగకుండా, ఈ టీకా వల్ల తన కూతురికి బుద్ధిమాంద్యం వచ్చిందని ఒక తల్లి తనతో చెప్పిందని బాక్‌మన్ టీవీల్లో చెప్పింది. నిరూపిస్తే డబ్బిస్తామని ఇద్దరు వైద్యనీతి ప్రొఫెసర్లు పందెం కాశారు. పదివేల డాలర్ల పైచిలుకు. ఎవరూ వచ్చి తీసుకోలేదు. పెర్రీ మాత్రం ఆ ఉత్తర్వు తన తప్పేనని ఒప్పుకున్నాడు. తప్పుకునే వీలు పెట్టడం కాదు, కావాలన్నవాళ్ళు ముందుకొచ్చే పద్ధతి పెట్టాల్సిందన్నాడు.

ఇప్పుడు మా ఊరి సంగతి.

2009 జులై. నా బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది గానీ, ఆ ఏడాది మాంద్యం. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని, జాయినింగ్ డేట్ ఎప్పుడొస్తుందా అని కొత్తగూడెంలో ఇంట్లో కూర్చున్నాను. మా చిన్నమ్మవాళ్ళది అక్కడికి దగ్గర్లో పల్లెటూరు. వాళ్ళమ్మాయి ఎనిమిదో తరగతి, ఒక ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒక ఆదివారం మేము వెళ్ళేసరికి అదీ ఇంటికొచ్చి ఉంది. పెట్టెలోంచి ఒక కార్డు తీసి, "అన్నా, ఇంగ్లీషులో ఉంది. ఏం రాశారో చెప్పవా?" అంది. రెండు రోజుల కింద హాస్టల్ పిల్లలందరికీ జబ్బకి సూది వేసి ఇచ్చారట.

చదివాను. 'సర్వైకల్ క్యాన్సర్' అని ఉంది. ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసైన నాకు సర్వైకల్ అంటే ఏమిటో తెలీదు. మెడనొప్పివాళ్ళు పెట్టుకునే కాలర్ గుర్తొచ్చింది. తెలీదని చెప్పడం నామోషీ. "క్యాన్సర్ రాకుండా గవర్నమెంటువాళ్ళు వేశారు, మంచిదే" అన్నాను.

"నన్ను ఎవరూ అడగలేదే!" అంది చిన్నమ్మ.

"వార్డెన్‌ని అడిగి ఉంటార్లే" అన్నాను. అక్కడితో ఆ మాట అయిపోయింది. కోడికూర వండింది, తిని వచ్చేశాం.

మేము తిని వచ్చేసిన ఆ వ్యవహారం ఎంత పెద్దదో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. సియాటిల్‌లో ఉండే పాత్ అనే సంస్థ, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, మన ఐ.సి.ఎం.ఆర్. తోనూ రాష్ట్ర ప్రభుత్వాలతోనూ కలిసి నడిపిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లో వడోదర, ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం. ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు: భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలు. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మంలో గార్డసిల్, వడోదరలో గ్లాక్సోవాళ్ళ సర్వారిక్స్. ఖమ్మంలో దాదాపు 14 వేల మందికి వేశారు. భద్రాచలం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో కోయ పిల్లలు ఒకేచోట దొరుకుతారు, మూడు డోసులకీ మళ్ళీ అక్కడే ఉంటారు. లెక్కలేసుకునేవాళ్ళకి అంతకంటే వీలైన చోటు ఉండదు.

అంటే టెక్సస్‌లో రెండేళ్ళ ముందు శాసనసభ తిప్పికొట్టిన అదే కంపెనీ, అదే టీకా. ఇక్కడ దాన్ని ఎవరూ కంపల్సరీ అనలేదు. కాగితం మీద అది స్వచ్ఛందం.

2010 మార్చిలో ఢిల్లీలోని 'సమ' అనే స్త్రీల ఆరోగ్య సంస్థవాళ్ళు భద్రాచలం వచ్చి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కలిసి మాట్లాడారు. టీకా వేయించుకున్న పిల్లలు కొందరు చనిపోయారన్న వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు. ఏప్రిల్లో కేంద్రం ప్రాజెక్టు ఆపించింది. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ట్రైనింగులో ఉన్నాను. ఒక రాత్రి చిన్నమ్మ ఫోన్ చేసింది. పేపర్లో వేశారట, పిల్లలు చచ్చిపోతున్నారట. "నువ్వే కదరా మంచిదే అన్నావు" అంది. కోపంగా కూడా అనలేదు. వేసవి సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల నుదురు రోజూ సాయంత్రం పట్టుకు చూసుకునేదని మా అమ్మ తరవాత చెప్పింది.

ఆ ఏడు మరణాల గురించి ఇప్పటికీ సోషల్ మీడియాలో ఏవేవో తిరుగుతుంటాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. ఒక అమ్మాయి క్వారీ నీళ్ళలో మునిగిపోయింది. ఒకరు పాముకాటు. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరు మలేరియా. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత కచ్చితంగా తేలలేదు. ఒకరికి జ్వరం, ఒకరికి మెదడులో రక్తస్రావమని అనుమానం. టీకాకీ ఈ మరణాలకీ సంబంధం కనబడలేదన్నది కమిటీ మాట. ఆ తరవాత ప్రపంచమంతా కోట్ల డోసులు వేశారు, ఇలాంటి మరణాలు టీకా వల్ల వస్తున్నట్టు ఎక్కడా తేలలేదు. కాబట్టి గార్డసిల్ భద్రాచలం పిల్లల్ని చంపింది అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ జాబితాని ఇంకోసారి చదవండి. క్వారీ గుంట, పాము, మలేరియా, పురుగుల మందు. మన్యంలో ఆడపిల్ల బతుక్కి ఉన్న అపాయాలన్నీ అందులో ఉన్నాయి. టీకా గొడవే లేకపోతే వాటి మీద ఢిల్లీలో ఏ కమిటీ కూర్చునేది కాదు.

కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఆ అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

వేలిముద్ర తప్పేమీ కాదు. చదువురాని తల్లికి విషయం విడమరిచి చెప్తే ఆవిడ వేలిముద్ర నా ట్యాబ్లెట్ సంతకం కంటే ఎక్కువ విలువైనది. వార్డెన్ సంతకం అలా కాదు. వార్డెన్‌కి పై నుంచి ఉత్తర్వు వస్తుంది, పెట్టకపోతే ఆయన ఉద్యోగానికే ఇబ్బంది. తల్లిదండ్రులు బతికే ఉన్నారు, మూడు నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్నారు. వాళ్ళని అడిగి రావడానికి సమయం లేక కాదు. మూడు డోసులకి ఆరు నెలలు ఉంది. మళ్ళీ మళ్ళీ వచ్చారు కూడా.

ఇది ప్రయోగం కాదు, దేశంలో అమ్మకానికి అప్పటికే అనుమతి ఉన్న టీకాని బడుల ద్వారా ఎలా అందించాలో చూసే నమూనా కార్యక్రమం మాత్రమే అని పాత్ వాదించింది. పార్లమెంటు సంఘం ఒప్పుకోలేదు. కంపెనీల లాభం కోసమే చేశారని గట్టిగా తిట్టింది. నాకైతే రెండు వైపులా మాటలు పెద్దవిగానే కనిపిస్తాయి. ప్రయోగమైతే సమ్మతి కావాలి సరే, నమూనా కార్యక్రమమైతే అక్కర్లేదా? మా చిన్నమ్మ ప్రశ్న అంతకంటే తేలిక. ఆవిణ్ణి ఎందుకు అడగలేదు?

ఈ వ్యవహారం 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కల్పనా మెహతా కేసు అంటారు. కోర్టులో ఇంకో చిక్కొచ్చి పడింది. పార్లమెంటు సంఘం నివేదికని కోర్టు సాక్ష్యంగా చూడొచ్చా, చూడకూడదా? రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళి, 2018 మే 9న తీర్పు వచ్చింది: చూడొచ్చు, ఆధారపడొచ్చు, కానీ ఆ నివేదిక తప్పని అక్కడ సవాలు చేయడానికి వీల్లేదు. లా కాలేజీల్లో ఆ తీర్పు పాఠమైంది. హాస్టల్ పిల్లల జబ్బకి వేసిన సూది చివరికి పార్లమెంటు హక్కుల మీద వ్యాఖ్యానంగా మారింది. పిల్లలకి ఏం ఒరిగిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడే చరిత్ర ఒక వింత మలుపు తిరిగింది. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్లో దేశంలో ఇలాంటి హెచ్.పి.వి. అధ్యయనాలన్నీ ఆగిపోయాయి. వాటిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తొమ్మిది చోట్ల నడిపిస్తున్న వేరే అధ్యయనం ఒకటుంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడం దాని పని. మధ్యలో ఆగిపోయేసరికి దాదాపు 5 వేల మంది అమ్మాయిలకి ఒకే ఒక్క డోసు పడింది. వాళ్ళని వదిలేయకుండా ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2021లో ఫలితాలొచ్చాయి. 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠ వేయకుండా ఆపడంలో ఒక్క డోసు 95 శాతం పైన పనిచేసింది, అంటే మూడు డోసులతో దాదాపు సమానంగా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డోసు చాలు అనడానికి ఉన్న ఆధారాల్లో ఇదొకటి. ఇవాళ పేద దేశాలు ఒక్క డోసుతో సరిపెట్టుకోగలుగుతున్నాయంటే, సమ్మతి దగ్గర పుట్టిన గొడవే దానికి ఒక కారణం. ఎవరూ ప్లాన్ చేసి ఇలాంటి అధ్యయనం చేసి ఉండరు.

మరి కంపల్సరీ చేయాలా, వద్దా?

క్లాసులో అంటదు కాబట్టి వద్దు అనే వాదన నాకు ఒకప్పుడు నచ్చేది. ఇప్పుడు అంతగా నచ్చడం లేదు. మా అమ్మాయికి కంపల్సరీగా వేసినవాటిలో ధనుర్వాతం ఉంది. అది మనిషి నుంచి మనిషికి అసలు అంటదు. హెపటైటిస్-బి టీకా కూడా ఇక్కడ బడికి కావాలి. అదీ రక్తం ద్వారా, లైంగికంగా వచ్చేదే, అదీ క్యాన్సరు తెచ్చేదే. దాని మీద ఎవరూ అసెంబ్లీల్లో అరుచుకోలేదు. అన్నట్టు, ఆ హెపటైటిస్-బి టీకాని హైదరాబాదులోనే, శాంతా బయోటెక్‌లో, 1997లో తయారుచేసి సామాన్యుడికి అందే ధరకి తెచ్చిన వరప్రసాదరెడ్డిగారిని తెలుగు పాఠకులు 'హాసం' పత్రిక పెట్టిన మనిషిగా కూడా గుర్తుపెట్టుకుని ఉంటారు. కాలేయ క్యాన్సరుని ఆపే టీకాని మనం ఏ చర్చా లేకుండా పుట్టిన పిల్లలకి వేయిస్తున్నాం. కాబట్టి హెచ్.పి.వి. దగ్గర వచ్చే ఇబ్బంది వ్యాపించే తీరు గురించి కాదు. ఆడపిల్లకి పన్నెండేళ్ళప్పుడు ఆ మాట ఎత్తడానికి మనకి నోరు రాకపోవడం గురించి. సర్వైకల్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పకపోవడం గురించి కూడా.

అయినా బడి తలుపు మూయడం మీద నాకు అనుమానాలు పోలేదు. వర్జీనియాలో 2007లోనే చట్టం చేశారు, తప్పుకోవడం మరీ తేలిక కావడంతో టీకాలు ఏమంత పెరగలేదు. రోడ్ ఐలండ్ 2015లో మగపిల్లల్నీ కలిపి కంపల్సరీ చేసింది, అక్కడ ఎక్కువమందే వేయించుకుంటున్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియా మాత్రం ఏ బలవంతమూ లేకుండా, బడిలోనే ఉచితంగా వేస్తూ, ముందు ఇంటికి కాగితం పంపి, ఏళ్ళ తరబడి నూటికి ఎనభై మంది దాకా పిల్లల్ని చేరుకున్నాయి. ఇంగ్లండులో పన్నెండు పదమూడేళ్ళకి టీకా పడ్డ తరంలో ఈ క్యాన్సరు 87 శాతం తగ్గింది. మన దగ్గర సిక్కిం 2018లో రాష్ట్రమంతా వేసింది. టీచర్లకి, తల్లిదండ్రులకి ముందు చెప్పి, తరవాత సూది తీసింది. 97 శాతం మంది పిల్లలు వేయించుకున్నారు. 2010లో పోయిన నమ్మకం అక్కడ కొంత తిరిగొచ్చింది.

నమ్మకం పోతే ఏమవుతుందో చూడాలంటే జపాన్ ఉంది. 2013లో దుష్ఫలితాలంటూ టీవీల్లో వచ్చిన వీడియోలకి భయపడి ప్రభుత్వం సిఫారసు ఆపేసింది. డెబ్భై శాతం పిల్లలు వేయించుకునే చోట ఒక శాతం లోపుకి పడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది 2022లో. ఆ తొమ్మిదేళ్ళలో తప్పిపోయిన ఆడపిల్లల్లో కొందరికి రాబోయే క్యాన్సర్లు ఇంకా బయటపడలేదు. భారతదేశంలో ఏటా లక్షా పాతికవేల పైగా ఆడవాళ్ళకి ఈ జబ్బు వస్తోంది, దాదాపు 80 వేల మంది పోతున్నారు. ఖమ్మం తరవాత మనం పోగొట్టుకున్న ఏళ్ళు జపాన్ కంటే ఎక్కువే. దానికి ఉద్యమకారుల్ని తప్పు పట్టేవాళ్ళు ఉన్నారు. నేను ఆ 2,763 సంతకాలు పెట్టించినవాళ్ళని తప్పు పడతాను. పెట్టినవాళ్ళని కాదు.

ఆ రోజు ట్యాబ్లెట్ మీద సంతకం పెట్టేముందు అమ్మాయిని పిలిచి చెప్పాను. ఇది ఒక వైరస్, పెద్దయ్యాక రావచ్చు, క్యాన్సరు తెస్తుంది, ఇప్పుడు వేయించుకుంటే రాకుండా ఉంటుంది. ఎలా వస్తుందని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. చెప్పాను. "ఓకే, గ్రాస్" అని చెయ్యి చాపింది.

ఇంటికొచ్చాక మా చెల్లికి ఫోన్ చేశాను. అదే, కార్డు ఇచ్చిన అమ్మాయి. ఇప్పుడు ఖమ్మంలో ఉంటోంది, ముప్ఫైకి దగ్గరపడుతోంది, మూడేళ్ళ కొడుకు. మూడుసార్లు సూది వేసినట్టు గుర్తుందట. కార్డు ఎప్పుడో పోయింది. ఆ తరవాత ఇన్నేళ్ళలో దాన్ని గురించి ఎవరూ వచ్చి ఏమీ అడగలేదట.

"అయితే నాకింక ఆ క్యాన్సర్ రాదా అన్నా?" అంది.

అలా కాదు, ఆ టీకా అన్ని రకాల వైరస్‌లకీ పనిచేయదు, ముప్ఫై దాటాక పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, టీకా పడ్డవాళ్ళు కూడా, అని చెప్పాను. ఆ మాట తనకి ఎవరూ చెప్పలేదంది. వాళ్ళ హాస్టల్ పిల్లలకి ఒక వాట్సాప్ గ్రూపు ఉందట, నలభై మంది ఉంటారట. వాళ్ళకీ పంపిస్తాను, రాసివ్వమంది.

"ఇంగ్లీషులో కాదు" అని కూడా అంది.